అడుగుకు అర మిల్లీమీటరు

బల్ల మీద ఆడే నౌకాయుద్ధపు ఆటలకి ఓడల బొమ్మలు మనమే చెక్కుకోవచ్చు. 1/600 స్కేలులో, అంటే అసలు ఓడలో ఆరువందో వంతు బొమ్మలో, ఒక అడుగు 0.508 మిల్లీమీటర్లు. అంటే ఓడ కొలత అడుగుల్లో ఉంటే దాన్ని సగం చేసేయడమే, మిల్లీమీటర్లు వచ్చేస్తాయి. కాలిక్యులేటరుతో పనిలేదు. అలా చేస్తే వందకి ఒకటిన్నర తగ్గుతుంది. బల్ల మీద పెట్టాక ఆ తేడా ఎవరి కంటికీ ఆనదు. ఇనుప కవచపు ఓడల (ఐరన్‌క్లాడ్ల) కాలంలో ఇంగ్లండు, అమెరికా కట్టిన ఓడల కొలతలన్నీ అడుగుల్లోనే దొరుకుతాయి కాబట్టి, సొంతంగా చెక్కుకునేవాళ్లకి ఇంతకన్నా సుఖమైన స్కేలు లేదు. 1/1200 అయితే సగానికి బదులు పావు వంతు. బల్ల మీద ఎక్కువ ఓడలు పడతాయి, నిజమే. కానీ మొదటి ఓడ మాత్రం 1/600లోనే చెయ్యండి. వేళ్లకి పని అలవాటయ్యాక చిన్నవాటికి దిగొచ్చు.

ఈ ఆటలకి విదేశాల్లో పోతపోసిన లోహపు ఓడలు అమ్ముతారు. ఓడ ఖరీదు ఒక ఎత్తు, దాన్ని అమలాపురం దాకా తెప్పించుకోవడం ఇంకో ఎత్తు. ఆ అవస్థ అక్కర్లేదు. అమెరికా అంతర్యుద్ధంలో (1861–65) తిరిగిన ఇనుప కవచపు ఓడలంత తేలిగ్గా చెక్కగలిగే యుద్ధనౌకలు అంతకు ముందూ లేవు, ఆ తర్వాతా లేవు. ముందువాటికి మూడేసి తెరచాప స్తంభాలు, వందల తాళ్లు. తర్వాతవాటికి అంతస్తుల మీద అంతస్తులు. మధ్యలో వచ్చిన వీటికి ఒక చదును డెక్కు, దాని మీద తిరిగే గుండ్రటి ఫిరంగి గది (టరెట్టు) గానీ, ఫిరంగుల్ని కప్పే వాలు గోడల గది (కేస్‌మేట్) గానీ, ఒక పొగగొట్టం. అంతే. దానికి కావలసిన సామానంతా ఫ్లెక్సీ షాపులో, కంసాలి పనిముట్ల షాపులో, ఇంట్లో పాత కాగితాల అరలో ఉంది.

సామాను

మోడళ్లు చేసేవాళ్లు ప్రపంచమంతా వాడే స్టైరీన్ షీటు మామూలు స్టేషనరీ షాపుల్లో ఉండదు. దాని బదులు మనకి సన్‌బోర్డు ఉంది. ఫ్లెక్సీలు వేసే షాపుల్లో 3, 5 మి.మీ. మందాల్లో ఉంటుంది. కొత్త షీటు కొనక్కర్లేదు, కోయగా మిగిలిన ముక్కలు అడిగితే చాలు. పీవీసీ నురుగుతో చేసిన పలక అది. కట్టర్‌కి లొంగుతుంది, సాండ్ పేపర్‌కి నున్నబడుతుంది, నీళ్లకి ఉబ్బదు. మూడోది మన ప్రాంతంలో అన్నిటికన్నా ముఖ్యం. దాని పక్కనే సన్‌ప్యాక్ అని గొట్టాలు గొట్టాలుగా ఉండే పల్చటి షీటు ఉంటుంది, అది మాత్రం తేకండి. పాలీప్రొపిలీన్ కాబట్టి ఏ గమ్మూ పట్టదు.

పల్చటి షీటుగా గడువు తీరిన ఏటీఎం కార్డులు పనికొస్తాయి. ఏ బ్యాంకుదైనా మందం 0.76 మి.మీ.యే, ఎందుకంటే అది ప్రపంచమంతటికీ ఒకటే ప్రమాణం. చిప్పు, అయస్కాంతపు పట్టీ ముందే కోసి పారేయండి. తర్వాత 220 నంబరు సాండ్ పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్దండి. ఆ మెరుపు ఉన్నంతసేపూ గమ్ము అంటదు, రంగు నిలవదు. కోసేటప్పుడు ఒక్క ఊపులో తెగాలని బలం పెడితే కట్టర్ స్కేలు మీదికి ఎక్కి వేలు తెగుతుంది. అయిదారుసార్లు తేలిగ్గా గీసి, గీత దగ్గర విరిచేయడమే.

ఇంకా పల్చగా, 0.3 మి.మీ. దగ్గర కావాలంటే శుభలేఖలున్నాయి. మన వైపు ఒక్క మాఘమాసంలో ఇంటికొచ్చే శుభలేఖలతో ఒక నౌకాదళం కట్టొచ్చు. బంగారు రేకు అద్దిన వైపు గమ్ము పట్టదు, పసుపు రాసిన మూలలు పనికిరావు, మిగతాదంతా మంచి అట్ట.

పీవీసీని పీవీసీకి అతికించడానికి పైపులవాళ్లు వాడే సాల్వెంట్ సిమెంటే అన్నిటికన్నా గట్టిది. అగ్గిపుల్లతో పల్చగా రాసి వెంటనే నొక్కాలి. ఎక్కువ రాస్తే సన్‌బోర్డు నురుగును తినేసి పైకి గుంట చూపిస్తుంది. చిన్న ముక్కలకి ఫెవిక్విక్, కాగితానికి ఫెవికాల్. సన్‌బోర్డు మీద సన్‌బోర్డును ఫెవికాల్‌తో అంటించొద్దు. రెండువైపులా గాలాడని పదార్థమే కాబట్టి మధ్యలో నీరు బయటికి పోయే దారి లేదు. వారమైనా లోపల పచ్చిగానే ఉండి, సాండ్ పేపర్ పెట్టగానే ముక్క జారుతుంది. ఇంకో మాట, ఫెవిక్విక్ నూలుబట్ట మీద కారితే చురుక్కున వేడెక్కి కాలుతుంది. లుంగీ కట్టుకుని ఈ పనికి కూర్చునేవాళ్లు ఒడిలో ఒక ప్లాస్టిక్ కవరు పరుచుకోండి.

కంసాలి పనిముట్ల షాపులో సన్న ఆకురాళ్లు, 1 మి.మీ. లోపు డ్రిల్ బిట్లు, గేజుల లెక్కన ఇత్తడి తీగ దొరుకుతాయి. 22 గేజు తీగ 0.7 మి.మీ., 19 గేజుది 1 మి.మీ. గుండుసూదులు చవకే గానీ ఇనుప సూది ఎక్కడ వాడినా అంతర్వేది నుంచి కాకినాడ దాకా ఉప్పుగాలికి ఏడాది తిరక్కుండా తుప్పు పట్టి, రంగు కింద నుంచి గోధుమరంగు మరక పైకి తేలుతుంది. ఇత్తడి, రాగి తప్ప ఇంకేదీ ఓడలోకి రానివ్వకండి.

మానిటర్‌తో మొదలు

అమెరికా ఉత్తరాదివాళ్ల కోసం జాన్ ఎరిక్సన్ అనే ఇంజినీరు గీసిన మానిటర్ ఓడ 1862 జనవరి 30న నీళ్లలోకి దిగింది. పొడవు 179 అడుగులు, వెడల్పు 41 అడుగుల 6 అంగుళాలు. 1/600లో 91 × 21 మి.మీ. ఏటీఎం కార్డు పొడవు 85.6 మి.మీ. మాత్రమే, నిలువుగా పెడితే చాలదు. ఐమూలగా గీయండి. కార్డు ఐమూల 101 మి.మీ. ఉంటుంది, మానిటర్ డెక్కు రెండు కొసలూ కోసుగా ఉంటాయి కాబట్టి సరిగ్గా ఇమిడిపోతుంది. ముందు శుభలేఖ అట్టలో సగం డెక్కు ఆకారం కోసి, దాన్నే తిరగేసి రెండో సగం గీస్తే కుడి ఎడమలు సమానంగా వస్తాయి.

నిండు బరువుతో ఉన్నప్పుడు ఆ ఓడ డెక్కు నీటికి అడుగున్నర ఎత్తులో కూడా ఉండేది కాదు. అడుగున్నర అంటే మన స్కేలులో 0.76 మి.మీ. సరిగ్గా ఒక కార్డు మందం. కాబట్టి హల్లు (ఓడ ఒళ్లు) అని వేరే చెయ్యక్కర్లేదు, ఒక్క కార్డు కోసి బేసు మీద అంటించారంటే ఓడ అయిపోయినట్టే. ఇక్కడే చాలామంది చెడగొట్టేది. పల్చగా ఉందని ఇంకో కార్డు కింద చేరుస్తారు, లేదా 3 మి.మీ. సన్‌బోర్డులో కోస్తారు. మూడడుగులు లేచిన మానిటర్ మానిటర్ కాదు. ఆ ఓడ సంగతంతా అది నీళ్లలో అణిగి ఉండటంలోనే ఉంది. ఎదుటివాడికి గురిపెట్టడానికి టరెట్టు తప్ప ఏమీ కనపడకపోవడానికీ, అదే ఏడు డిసెంబరు 31న హటెరస్ అగ్రం దగ్గర పోటు సముద్రంలో మునిగిపోవడానికీ కారణం ఆ ఎత్తే.

టరెట్టు లోపలి వ్యాసం 20 అడుగులు, ఎత్తు 9 అడుగులు. గోడ అంగుళం మందం రేకులు ఎనిమిది పొరలు. బయటి వ్యాసం 21 అడుగుల 4 అంగుళాలు, అంటే 10.8 మి.మీ. ఎత్తు 4.6 మి.మీ. దీనికి 8 మి.మీ. మందమున్న బాల్‌పెన్ను గొట్టం ఒకటి తీసుకోండి. శుభలేఖ అట్టలో 4.6 మి.మీ. వెడల్పు, 13 సెంటీమీటర్ల పొడవు పట్టీ కోసి, ఫెవికాల్ రాస్తూ పెన్ను చుట్టూ నాలుగున్నర చుట్లు చుడితే కొలత వస్తుంది. పెన్ను ప్లాస్టిక్కుకి ఫెవికాల్ అంటదు కాబట్టి ఆరాక ఉంగరంలా జారి వచ్చేస్తుంది. పట్టీ చివర అంచును చుట్టకముందే సాండ్ పేపర్‌తో ఏటవాలుగా అరగదియ్యాలి. లేకపోతే టరెట్టు ఒంటిమీద నిలువుగా మెట్టు కనపడుతుంది, ఎన్ని కోట్లు రంగు వేసినా పోదు. ఉంగరం లోపల ఎంసీల్ కూరి, మధ్యలో 19 గేజు ఇత్తడి తీగ నిలబెట్టండి. ఎంసీల్ గట్టిపడేలోపు తీగ నిటారుగా ఉందో లేదో రెండు వైపుల నుంచీ చూడండి. ఒకవైపు నుంచి చూస్తే ఏ తీగైనా నిటారుగానే ఉంటుంది.

టరెట్టును డెక్కుకి అంటించెయ్యకండి. డెక్కుకీ బేసుకీ కలిపి 1.1 మి.మీ. బెజ్జం వేసి, తీగ కింద నుంచి వంచి వదిలితే తిరుగుతుంది. ఆటలో అది అలంకారం కాదు. ఫిరంగులు మళ్లీ నింపుకునేటప్పుడు టరెట్టును శత్రువుకి అవతలి వైపు తిప్పి ఉంచడం ఆ ఓడ యుద్ధం చేసిన పద్ధతి. రెండు 11 అంగుళాల డాల్‌గ్రెన్ ఫిరంగులకి పక్కపక్కనే రెండు 1 మి.మీ. బెజ్జాలు, వాటిలో 22 గేజు తీగ ముక్కలు మిల్లీమీటరు బయటికి. నిజానికి అంత బయటికి ఉండకపోవచ్చు, కానీ బల్లకి అవతల నిలబడ్డవాడికి టరెట్టు ఎటు చూస్తోందో తెలియాలి.

ముందు కొస దగ్గర ఓడ నడిపేవాళ్లుండే గది, పైలట్‌హౌస్, 2 మి.మీ. ఘనం. ఇది ఉండబట్టే మానిటర్ నేరుగా ముందుకు కాల్చలేకపోయింది. రూల్సులో ఆ కోణం మూసెయ్యడం మరిచిపోకండి. 1862 మార్చి 9న హ్యాంప్టన్ రోడ్స్ అనే చోట దక్షిణాది ఓడ వర్జీనియాతో జరిగిన యుద్ధం ఆడేటట్టయితే దాని గోడలు నిలువుగా ఉంచండి. వాలు గోడలు ఆ యుద్ధం తర్వాత వచ్చినవి. ఆ రోజు అక్కడ తగిలిన గుండుకే కెప్టెన్ వర్డెన్ కళ్లకి దెబ్బ తగిలింది. పొగగొట్టాలు కూడా పెట్టకండి. అప్పట్లో ఉన్నవి పొట్టివి, యుద్ధానికి ముందు ఊడదీసి పెట్టేసేవారు. పొడుగు గొట్టంతో కనపడే బొమ్మలు తర్వాతి రూపానివి.

వర్జీనియా: వాలు కోయడమే పని

మెరిమాక్ అనే కాలిపోయిన ఓడ అడుగుభాగం మీద అమెరికా దక్షిణాదివాళ్లు కట్టిన వర్జీనియా పొడవు సుమారు 275 అడుగులు, వెడల్పు 51. అంటే 140 × 26 మి.మీ. కానీ నీటిపైన కనపడేది అంతా కాదు. ముందూ వెనకా డెక్కులు నీళ్లతో సమానంగా అణిగి ఉండేవి. పైకి తేలేది 170 అడుగుల కేస్‌మేట్, మనకి 86 మి.మీ. అందువల్ల బేసు 150 మి.మీ. కోసి, మొత్తం హల్లు ఆకారాన్ని శుభలేఖ అట్టతో అంటించి, దానిపైన కేస్‌మేట్ నిలబెట్టాలి. రంగేసేటప్పుడు ఆ అట్ట మీదికి కూడా నీళ్ల రంగు పల్చగా లాగితే మునిగిన డెక్కు తెలుస్తుంది.

కేస్‌మేట్ గోడల వాలు నేల నుంచి 36 డిగ్రీలు. కళ్లతో అంచనా వేస్తే చెయ్యి దానంతటదే 45 దగ్గరికి పోతుంది, ఓడ ఎత్తుగా, ఇరుగ్గా తయారవుతుంది. అందుకని కోణం కొలవకండి, వెడల్పులు కొలవండి. రెండు 3 మి.మీ. సన్‌బోర్డులు సాల్వెంట్‌తో అతికిస్తే 6 మి.మీ. ఎత్తు. ఆ ఎత్తుకి 36 డిగ్రీల వాలు ఒక్కో వైపు 8.25 మి.మీ. లోపలికి పోతుంది. అడుగున 26 ఉంటే పైన 9.5 మిగులుతుంది. అడుగున పొడవు 86 ఉంటే పైన 69.5. వర్జీనియా కేస్‌మేట్ రెండు చివరలూ గుండ్రంగా ఉంటాయి కాబట్టి రెండు కొలతల్నీ చివరలు గుండ్రంగానే గీయాలి.

ఈ రెండు ఆకారాల్నీ ఏటీఎం కార్డుల్లో కోసి, పెద్దది దిమ్మ కిందా చిన్నది పైనా, నడుమ గీతలు కలిసేలా డబుల్ టేపుతో అంటించండి. ఇప్పుడు కట్టర్ ఆ రెండు అంచుల మీదా ఆనించి లాగితే వాలు దానంతటదే వస్తుంది. బ్లేడు కొత్తగా విరిచిన కొసతో ఉండాలి, బయటికి రెండు సెంటీమీటర్లకి మించి లాగకూడదు. ఎక్కువ లాగితే బ్లేడు విల్లులా వంగి గోడ మధ్యలో గుంట పడుతుంది. గుండ్రటి చివరలు కట్టర్‌తో కోయాలని చూడకండి. 120 సాండ్ పేపర్‌ని గాజుపలక మీద అంటించి, దిమ్మని దాని మీద తిప్పుతూ కింది కార్డు, పై కార్డు రెండూ ఒకేసారి కాగితానికి తగిలేదాకా అరగదియ్యడమే. వేలితో సాండ్ పేపర్ పట్టుకుని రుద్దితే అంచులు మొద్దుబారి ఓడ సబ్బుబిళ్ల అవుతుంది.

కోసిన చోట సన్‌బోర్డు లోపలి బుడగలు బయటపడి చిన్న చిన్న గుంటలుగా కనపడతాయి. టాల్కం పౌడరులో ఫెవికాల్, రెండు చుక్కల నీళ్లు కలిపి బ్రష్షుతో రెండు కోట్లు వేసి 400 నంబరుతో రుద్దితే మూసుకుపోతాయి.

రేకుల గీతలు గీయాలా అంటే, నా లెక్కలో అక్కర్లేదు. ఆ రేకుల వెడల్పు 8 అంగుళాలు, మన స్కేలులో 0.34 మి.మీ. కట్టర్ గీతే అందులో సగం ఉంటుంది. ఖాళీగా ఉంచి, రంగు ఆరాక నిలువుగా పెన్సిలుతో సన్నగా గీతలు లాగడం నయం. ఫిరంగి కిటికీలు మాత్రం లెక్క తప్పకూడదు. మొత్తం పద్నాలుగు. ఒక్కో పక్కకి నాలుగు, ఒక్కో చివరకి మూడు. ఆటలో ఎటు ఎన్ని ఫిరంగులు కాలతాయో ఎదుటివాళ్లు చూసేది వాటినే. పైకప్పు ఇనుప జాలీ. పాత టీ వడపోత జాలి 69.5 × 9.5కి కొద్దిగా లోపలికి కోసి అంటిస్తే సరిపోతుంది. పొగగొట్టానికి కాగితపు పుల్ల ఉన్న ఇయర్‌బడ్ మంచిది. ప్లాస్టిక్ పుల్లలవి 2022 జూలై నుంచి నిషేధంలో ఉన్నాయి, అది మనకి లాభించింది. కాగితపు పుల్ల ఫెవిక్విక్ పీల్చుకుని కర్రలా గట్టిపడుతుంది, రంగూ పట్టుతుంది. గొట్టాన్ని పైన అతికించొద్దు, కేస్‌మేట్‌లో 4 మి.మీ. లోతు బెజ్జం వేసి దించండి. ఓడను బేసు పట్టుకుని ఎత్తమని ఎంత మొత్తుకున్నా ఆటగాళ్లు పొగగొట్టం పట్టుకునే ఎత్తుతారు.

నది ఓడల్లోకి వెళ్తే ఉత్తరాదివాళ్ల కోసం జేమ్స్ ఈడ్స్ కట్టించిన కైరో వర్గం ఏడు ఓడలున్నాయి, 175 × 51 అడుగులు, అంటే 89 × 26 మి.మీ. పక్కపక్కన రెండు పొగగొట్టాలు, వెనక కేస్‌మేట్‌లో దాగిన తెడ్డు చక్రం. ఒకసారి కార్డు గైడ్లు కోసుకుంటే ఏడూ వాటితోనే వస్తాయి. దూరం నుంచి గుర్తుపట్టడానికి పొగగొట్టాలకి వేరు వేరు రంగుల పట్టీలు వేసేవారు. బల్ల మీద కూడా ఆ పట్టీలే మనకి పేరుపలకలు. కైరో 1862 డిసెంబరులో యాజూ నదిలో మందుపాతర పేలి మునిగింది, 1964లో పైకి తీశారు, ఇప్పుడు విక్స్‌బర్గ్‌లో ఉంది. అందుకే ఈ వర్గానికి ఫోటోలకీ కొలతలకీ కొరత లేదు.

తెరచాప స్తంభాలు, కొబ్బరి ఈనెలు

బ్రిటన్ 1860లో నీళ్లలోకి దించిన వారియర్ 420 అడుగులు, 1/600లో 213 మి.మీ. మూడు స్తంభాలతో పూర్తి తెరచాపల ఓడ. పోర్ట్స్‌మత్‌లో ఇప్పటికీ ఉంది. ఇలాంటివి రెండో ఏడాదికి వాయిదా వేసుకోండి. చేసే రోజు వచ్చినప్పుడు వెదురు టూత్‌పిక్కుల వైపు చూడకండి, ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే లావుంటాయి. కొబ్బరి ఈనె మొదట్లో 2 మి.మీ. దగ్గర మొదలై కొసకి వెళ్లేకొద్దీ సన్నబడుతుంది. స్తంభానికి కావలసింది అదే. పచ్చి ఈనె ఎండాక వంకర తిరుగుతుంది కాబట్టి వాడిన చీపురులోంచి తిన్నటివి ఏరండి. కడిగి, నీడలో ఆరబెట్టి, పల్చటి ఫెవికాల్ పూస్తే పుచ్చు పట్టదు. అసలు స్తంభాలు ఒకే మాను కాదు, ఒకదాని మీద ఒకటి మూడు ముక్కలు. ఈనె కూడా మూడు ముక్కలు చేసి, అతుకు దగ్గర రెండేసి మి.మీ. పక్కపక్కన ఆనేలా దారంతో కట్టండి. అడ్డకొయ్యలు ఈనె కొసల్లోంచే.

తాళ్లకి నూలుదారం వాడితే నూగు కనపడుతుంది, పైగా ముసురు పట్టిన రోజు బిగుసుకుని స్తంభాల్ని ముందుకు లాగేస్తుంది. చేపల వలలకి వాడే సన్న నైలాన్ దారం వాడండి, 0.12 మి.మీ.ది ఉంటే చాలు. ప్రతి తాడూ పెట్టాలనుకోకండి. ప్రతి స్తంభానికీ పక్క తాళ్లు రెండు జతలు, ముందుకి లాగే తాడు ఒకటి. ఆటకి అంతే. నిచ్చెన తాళ్ల కోసం దోమతెర ముక్కలు కోసి పెట్టేవాళ్లున్నారు. ఆ కన్ను మన స్కేలులో మనిషి దూరేంత ఉంటుంది. పెట్టకపోవడమే మేలు.

రంగు, తేమ

ఆక్రిలిక్ రంగులు, బ్రష్షు. దీని గురించి చెప్పడానికి పెద్దగా లేదు, పల్చగా రెండు కోట్లు వెయ్యండి. నిండు నలుపు వాడొద్దు. 1/600లో నల్ల ఓడకి నలుపులో పావు వంతు బూడిదరంగు కలిపితేనే దూరాన ఉన్న నల్ల ఓడలా కనిపిస్తుంది.

అసలు చిక్కు స్ప్రే దగ్గర. జూన్ నుంచి నవంబరు దాకా మన గాలిలో ఉండే తేమకి స్ప్రే ప్రైమరు, వార్నిషు తెల్లగా బూజు పట్టినట్టు పాలిపోతాయి. ద్రావకం ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలో తేమ రంగు మీద వాలుతుంది. వానలేని రోజు చూసుకుని పొద్దున్న పదకొండు, మధ్యాహ్నం మూడు మధ్య కొట్టండి. డిసెంబరులో పొద్దున్నే మంచు పడుతుండగా కొట్టినా ఇదే గతి. తెల్లబడితే కంగారు పడి గోకకండి. బాగా ఎండగా ఉన్న రోజు అదే వార్నిషు పల్చగా ఇంకోసారి కొడితే చాలాసార్లు విడిపోతుంది. ఫెవిక్విక్ కూడా తేమకి త్వరగా బిగుస్తుంది, అతుకు చుట్టూ తెల్లటి పొగ మచ్చ వదుల్తుంది. ఫ్రిజ్‌లో పెడితే, బయటికి తీశాక ట్యూబు మామూలు వేడికి వచ్చేదాకా మూత తియ్యొద్దు. తీశారంటే లోపల చెమ్మ పట్టి ట్యూబంతా గడ్డకడుతుంది.

ఓడల్ని అట్టపెట్టెల్లో దాచొద్దు, చెదలకి పెట్టిన విందు అది. గట్టి మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. కలరా ఉండలు మాత్రం వెయ్యొద్దు. నాఫ్తలీన్ థర్మోకోల్‌నీ స్టైరీన్‌నీ మెత్తబరుస్తుంది.

బేసు, మేటలు

బేసుకి 2 మి.మీ. యాక్రిలిక్, నేమ్‌ప్లేట్లు చేసే షాపులో కొలత ఇస్తే కోసిస్తారు. ఓడ చుట్టూ 5 మి.మీ. వదలండి, వేళ్లు పట్టుకునేది అక్కడే. కెరటాలకి అదే టాల్కం, ఫెవికాల్ ముద్ద. మానిటర్ పక్కన మాత్రం అర మిల్లీమీటరు మించనివ్వకండి, డెక్కు మునిగిపోతుంది. హ్యాంప్టన్ రోడ్స్ అయితే బూడిద కలిసిన ఆకుపచ్చ. మిసిసిపీ, యాజూ ఓడల బేసులకి నీలం జోలికి పోకుండా, ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర ఎర్రనీళ్లు ఎలా ఉంటాయో ఆ రంగు కలపండి.

8 × 4 అడుగుల ప్లైవుడ్ మీద 1/600లో 1,600 గజాల నీళ్లు పడతాయి. మానిటర్, వర్జీనియా చాలాసేపు వంద గజాల లోపే కొట్టుకున్నాయి, అది బల్ల మీద 15 సెంటీమీటర్లు. కాబట్టి దూరాల్ని కుదించే గొడవ లేకుండా ఓడ స్కేలులోనే ఆడుకోవచ్చు. ఈ కాలపు ఆటలకి ఆ వెసులుబాటు గొప్పది. కానీ బల్లంతా ఖాళీ నీళ్లు ఉంచితే ఆట చప్పగా ఉంటుంది. వర్జీనియా అడుగు 22 అడుగుల లోతుకి దిగేది, మానిటర్ది పదిన్నర. ముందురోజే మేటలో ఇరుక్కుపోయిన ఉత్తరాది ఓడ మిన్నెసోటా దగ్గరికి మార్చి 9న వర్జీనియా రాలేకపోయింది, లోతు చాలక. గోధుమరంగు ఓహెచ్‌పీ షీటుతో (పల్చటి పారదర్శక ప్లాస్టిక్) వంకర టింకరగా మేటలు కోసి పరచండి. రెండు లోతులకి రెండు ఛాయలు. నదీముఖాల్లో మేట ఎలా సాగుతుందో మన వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. వర్జీనియా వెనక్కి తిరగడానికి అరగంట పైనే పట్టేది. కనుక దాని మలుపు గైడు కార్డులో పెద్ద చాపంగా కోసి పెట్టుకోండి.

తర్వాత ఏం చెయ్యాలంటే: మాగ్డలా

అమెరికా ఓడలు రెండు మూడు అయ్యాక మన దేశపు నీళ్లకి చెందినది ఒకటి చెయ్యండి. బొంబాయి రేవు కాపలాకి 1870లో డెక్కు మధ్యలో కవచపు గోడ (బ్రెస్ట్‌వర్క్) లేపిన మానిటర్ తరహా ఓడలు రెండు దిగాయి, మాగ్డలా, అబిస్సీనియా. మాగ్డలా 225 × 45 అడుగులు, అంటే 114 × 23 మి.మీ. నాలుగు 10 అంగుళాల ఫిరంగులు, రెండు టరెట్లలో. సర్వీసంతా బొంబాయిలోనే గడిపింది. ఇంగ్లండు నుంచి వచ్చేటప్పుడు తాత్కాలికంగా తెరచాప స్తంభాలు బిగించారు గానీ రేవులో ఉన్న రూపానికి అవి అక్కర్లేదు, ఈనెలు మిగిలినట్టే.

ఇది మూడు అంతస్తుల పని. హల్లుకి రెండు కార్డులు ఒకదానిమీద ఒకటి సాల్వెంట్‌తో. ఐమూల 101 మి.మీ. ఈ పొడవుకి చాలదు కాబట్టి కింది కార్డులో అతుకు ముందువైపు, పై కార్డులో వెనకవైపు వచ్చేలా వేరు వేరు చోట్ల కలపండి. రెండూ ఒకచోటే కలిపితే అక్కడ విరుగుతుంది. దాని మీద బ్రెస్ట్‌వర్క్, 3 మి.మీ. సన్‌బోర్డు దిమ్మ, అంచులు నిలువుగా. దాని రెండు చివర్లలో టరెట్లు. ఇవి కూడా శుభలేఖ చుట్టలే, కానీ వ్యాసం ప్లాను మీద కొలిచి చుట్ల లెక్క మార్చుకోండి. ఒక్కో చుట్టుకి వ్యాసం 0.6 మి.మీ. పెరుగుతుంది. టరెట్ల మధ్య సన్నటి పై అంతస్తు, పొగగొట్టం ఆఖర్న. టరెట్లు రెండూ ఆ పై అంతస్తుకి తగలకుండా పక్కకి తిరుగుతున్నాయో లేదో అంటించకముందే చూసుకోవాలి. అర మిల్లీమీటరు ఖాళీ వదలకపోతే రంగు మందానికే పట్టేస్తాయి.

దానికి ఎదురుగా ఎవరిని నిలబెట్టాలన్నది తేలికే. 1885లో అఫ్ఘన్ సరిహద్దులో పంజ్‌దే గొడవప్పుడు బ్రిటన్‌కి రష్యాతో యుద్ధం వస్తుందన్న భయం నిజంగానే ఉంది. రష్యా క్రూయిజరు ఒకటి బొంబాయి బయట కనపడిందనుకుని ఆట మొదలుపెట్టొచ్చు. క్రూయిజరుకి వేగం, మాగ్డలాకి కవచం. మాగ్డలాని రేవు దాటనివ్వకుండా, క్రూయిజరుకి పన్నెండు టర్నుల గడువు పెట్టి, సరుకు ఓడలు మూడు లంగరు వేయించండి.